అంకుల్ చేతి మహిమ

నిన్న రాత్రి జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది కాబట్టి గబగబా చెప్పేస్తా. మా అపార్ట్‌మెంట్ వినాయకుడి తల వెనక లైటు అటూ ఇటూ పరిగెత్తాలని కమిటీ వాళ్ళ కోరిక, నువ్వు బీటెక్ ఈసీఈ కదా అన్నారు (చదివింది ఈసీఈ, చేసేది ఎక్సెల్ షీట్లు, అది వాళ్ళకీ తెలుసు), సరే అని కోఠి గుజరాతీ గల్లీకి పోయి 555 టైమరు (టిక్కు టిక్కుమని పల్సులు కొట్టే ఐసీ, అంటే చిప్పు), 4017 (ఆ పల్సుల్ని లెక్కపెట్టే ఐసీ), డయోడ్లు (కరెంటుని ఒకవైపుకే పోనిచ్చేవి), ట్రాన్సిస్టర్లు, ఎర్ర ఎల్ఈడీలు తెచ్చా.

ఈ 4017కి పది అవుట్‌పుట్లు, ఒకదాని తర్వాత ఒకటి వెలిగించుకుంటూ పోవడమే, వెనక్కి తిరగడం దానికి రాదు. అందుకని ఎల్ఈడీలని ఆరు గుత్తులుగా పెట్టి, మొదటి ఆరు అవుట్‌పుట్లతో ముందుకి పంపి, మిగిలిన నాలుగింటినీ డయోడ్ల మీదుగా ఐదు, నాలుగు, మూడు, రెండో గుత్తులకే తగిలిస్తే చూసేవాళ్ళకి వెనక్కి వచ్చినట్టుంటుంది. ఆ నాలుగు గుత్తులకీ రెండేసి చొప్పున మొత్తం 8 డయోడ్లు. పోనీ పిన్నులైనా వరసలో ఉంటాయా అంటే 3, 2, 4, 7, 10, 1 అట, మా పార్కింగ్ నంబర్లు వేసింది కూడా ఈ ఐసీ చేసినాయనే అయ్యుంటాడు.

సోల్డరింగ్ గొడవ వదిలేయండి. ఇంట్లో పనిచేసింది, మా ఆవిడ సాక్షి.

నేను స్నానం చేసి పంచె కట్టుకుని కిందకి వచ్చేసరికి మా ప్రెసిడెంట్ అంకుల్ పూలదండల కత్తెర పట్టుకుని నిలబడున్నారు. "ఈ వైరు ఏ లైటుకీ వెళ్ళట్లేదు బాబూ, చూడ్డానికి బాలేదు, తీసేశా" అన్నారు. 555 నుంచి 4017 14వ పిన్నుకి పల్సులు మోసుకెళ్ళే వైరండీ అది, ఉన్న వైర్లన్నిట్లో అదొక్కటి! సగం ముక్క 14వ పిన్నుకి తోకలా వేలాడుతోంది. స్విచ్ వేస్తే ఒక్క గుత్తి వెలిగి అక్కడే కూర్చుంది.

"ఏదీ" అని అంకుల్ చెయ్యి ముందుకి చాపారు. లైటు ఉరికింది.

అటు చివరికి, ఇటు చివరికి, నా 555తో ఎప్పుడూ ఉరకనంత స్పీడుగా. చెయ్యి తీశారు, ఆగింది. పెట్టారు, ఉరికింది. మూడో ఫ్లోర్ ఆంటీ చెంపలేసుకున్నారు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి కళ్ళజోడు సర్దుకున్నారు. పిల్లలు లైను కట్టారు. ఇందులో మహిమ ఏం లేదు మొర్రో, మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభై సార్లు ఊగుతుంది, చుట్టూ సీరియల్ సెట్ల వైర్లు, మనిషి ఒళ్ళు ఆ గోలని పట్టుకుని ముట్టుకోకుండానే ఆ తోక వైరుకి ఇస్తుంది, 4017కి ఆపాటి చాలు, దాన్నే పల్సులనుకుని లెక్కపెట్టేస్తుంది, గోడలో కరెంటు వైరు ఎక్కడుందో వెతికే బుల్లి డిటెక్టర్ ఇదే ఐసీతో ఇలాగే చేస్తారు అని నేను చెప్తూనే ఉన్నా, మైకులో సుప్రభాతం కాని టైములో సుప్రభాతం మోగుతోంది, ఎవరికి వినపడుతుంది.

"నువ్వు పెట్టు బాబూ" అంది ఆంటీ. పెట్టా. కదల్లేదు. ఇంకా దగ్గరగా పెట్టా. ఊహూ. కదలదు కూడా, ఎందుకంటే అప్పటికే చెక్ చేద్దామని ఎడమచేత్తో అడాప్టర్ మైనస్ వైరు పట్టుకుని ఉన్నా, ఒళ్ళు మొత్తం గ్రౌండ్ అయిపోయింది, ఇక గోల ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ మాట నోట్లోంచి వచ్చేలోపే "భక్తి ఉండాలి నాయనా" అన్నారు పంతులుగారు, ఎంతో జాలిగా. మా ఆవిడ నవ్వు దాచుకోడానికి పల్లకీ వెనక్కి వెళ్ళింది. మా వాడైతే, ఆరేళ్ళ వెధవ, చెయ్యి పెట్టి ఉరికించి మరీ నావైపు చూశాడు.

వైరు అతికిస్తానంటే ముట్టుకోనివ్వలేదు, నిమజ్జనం దాకా ఇలాగే ఉండాలట. రాత్రి పదకొండుకి గ్రూపులో వీడియో పడింది, కింద "మన ప్రెసిడెంట్ గారి ఆలోచనతో చేతి సైగకి నడిచే లైటింగ్" అని, నూట ఎనిమిది దండాలు. నేను కోఠి బిల్లు పెట్టా. చీటీ మీద జీఎస్టీ నంబరు లేదు, కుదరదు అన్నారు ట్రెజరర్ గారు. అంకుల్ కత్తెర మాత్రం లైటింగ్ ఖర్చులో పాసైందట.