గంజాయి రవాణా వేరు, గంజాయి మందు వేరు

మన్యం నుంచి బయలుదేరిన గంజాయి మూటలు విజయవాడ రైల్వే స్టేషన్‌లోనో, జాతీయ రహదారి మీదనో పట్టుబడ్డాయన్న వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. 2024లో మత్తుపదార్థాల కట్టడికి రాష్ట్రంలో ఏర్పడిన ఈగల్ పోలీసు విభాగం చేస్తున్న పనిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాలేజీ పిల్లల చేతికి ఆ పొట్లాలు చేరకూడదు. అయితే అదే మొక్క నుంచి తయారయ్యే మందు గురించి నోరు విప్పినవారినీ స్మగ్లర్లనూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు నడుపుతున్నాను కనుక ఈ మాట అంటున్నాను. మూర్ఛవ్యాధి ఉన్న పిల్లల తల్లులు ఫోన్‌లో ఒక గంజాయి నూనె సీసా ఫొటో చూపించి, "ఇది వేయొచ్చా అండీ?" అని అడుగుతారు. ఆ సీసా మీద ఆకు బొమ్మ పెద్దగా ఉంటుంది గానీ, గంజాయిలోని రసాయనాల్లో మత్తు కలిగించే టీహెచ్‌సీ ఎంతో, మత్తు లేని సీబీడీ ఎంతో రాసి ఉండదు. బిడ్డ అప్పటికే క్లోబజామ్ అనే మూర్ఛ మందు వాడుతుంటే సీబీడీ వల్ల దాని ప్రభావం పెరిగి మగత కమ్ముకుంటుంది. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు వాడుతుంటే కాలేయం ఎంజైములు పెరిగే ప్రమాదం ఉంది. అమెరికాలో డ్రావే, లెన్నాక్స్-గాస్టో అనే తీవ్రమైన మూర్ఛలకు 2018లో ఆమోదం పొందిన శుద్ధమైన సీబీడీ మందునైనా, బిడ్డ బరువును బట్టి మోతాదు కట్టి, కాలేయ పరీక్షలు చేయిస్తూనే ఇస్తారు. ఇక్కడేమో ఏ డాక్టరుకూ చెప్పకుండా ఆ తల్లి చుక్కలు లెక్కపెట్టి వేస్తోంది. చెబితే ఏమంటారోనన్న భయం ఆమెది.

ఇది సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. గంజాయి నూనెతో క్యాన్సర్ నయమవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి కీమోథెరపీ మానుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు మాత్రం, కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీ అమెరికాలో 1985 నుంచే మందుగా ఉంది.

సరిగ్గా అదే ఏడాది మత్తుమందులను నియంత్రించే మన ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. లైసెన్సు మీద లైసెన్సు అడిగేసరికి చాలా ఆస్పత్రులు నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్‌ను తెప్పించుకోవడమే మానేశాయి. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశంలోనే క్యాన్సర్ రోగులు నొప్పితో అల్లాడిపోయారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు మార్ఫిన్ వంటి మందులు సులువుగా అందే ఏర్పాటు చేయడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. గంజాయి మందు విషయంలోనూ రోగులను అంతకాలం కాచుకుని కూర్చోమంటారా?

చట్టంలో దారి లేదనడం సరికాదు. ఎనిమిదో సెక్షన్ వైద్య, శాస్త్రీయ అవసరాలను నిషేధం నుంచి మినహాయించింది. పదో సెక్షన్ గంజాయి సాగు, తయారీ, అమ్మకాలను అనుమతించి నియంత్రించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. కాబట్టి అమరావతిలో ఉన్న ప్రభుత్వమే ముందడుగు వేయాలి. ప్రయోగశాలలో పరీక్షించి, బ్యాచ్ నంబరు వేసిన మందును మాత్రమే, నరాల వైద్యులు, క్యాన్సర్ వైద్యులు రాసిన చీటీ మీద ఇవ్వాలి. మొదట గుంటూరు జీజీహెచ్ వంటి బోధనాసుపత్రుల ఫార్మసీలకే పరిమితం చేసినా చాలు. నిల్వకు తాళం, ప్రతి సీసాకూ రిజిస్టరులో లెక్క, చీటీ నకలు భద్రపరచడం మాకు కొత్త కాదు, గట్టి నియంత్రణలో ఉంచే షెడ్యూల్ ఎక్స్ జాబితా మందులకు ఇప్పటికే ఆ పద్ధతి ఉంది.