ప్రకృతిలో అదనపు సిబ్బంది తొలగింపుపై ఒక నివేదిక

అడవి నిర్వహణలో జరుగుతున్న దుబారాను కోట్లాది సంవత్సరాలుగా ఎవరూ తనిఖీ చేయకపోవడం విచారకరం. రాలిన ఒక్క ఆకును తిరిగి మట్టిలో కలపడానికి వానపాములు, చెదపురుగులు, రోకలిబండ పురుగులు, శిలీంధ్రాలు, బాక్టీరియా ఇంతమంది కావలసి వస్తున్నారంటే, నియామకాల్లో సిఫారసులు నడిచాయనే అనుమానించవలసి ఉంటుంది. పైగా ఎవరి పని వారిదే. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టమని వానపామును అడిగితే, అది తెల్లకుళ్లు శిలీంధ్రాల శాఖకు సంబంధించిన విషయమని తప్పుకుంటుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చిన బాక్టీరియా ఫైలును అక్కడే వదిలేస్తే, దాన్ని నైట్రేట్ దాకా చేర్చడానికి మరో జాతి రావాలి. ఈ రెండు దశలనూ ఒంటిచేత్తో (చేయి లేకపోయినా) పూర్తిచేసే నైట్రోస్పైరా అనే బాక్టీరియా రకాలున్నాయని 2015లో తేలింది. అయినా మిగతావాటికి నేటికీ ఉద్వాసన పలకలేదు.

పొదుపు సాధ్యమేనని నిరూపించిన ఘనత ఆస్ట్రేలియాకు దక్కుతుంది. 1788 నుంచి అక్కడికి పశువులను తరలించిన వలసదారులు, వాటి పేడను పూడ్చే పురుగుల రవాణా ఖర్చును ఎంతో దూరదృష్టితో మిగుల్చుకున్నారు. కంగారూల పొడి పెంటికలకు అలవాటుపడిన స్థానిక పేడపురుగులు తడిసిన ఆవుపేడను చాలావరకు ముట్టలేదు. పేడ నెలల తరబడి ఎండి పచ్చికను కప్పేసింది, అందులోని నత్రజనిలో చాలా భాగం మట్టికి చేరడానికి బదులు గాలిలో కలిసింది, ఈగలు మాత్రం వృద్ధిలోకి వచ్చాయి. ఇంతటి ఆదర్శవంతమైన ఏర్పాటును ఓర్వలేని జార్జ్ బోర్నెమిస్సా అనే కీటక శాస్త్రవేత్త చొరవతో 1968 నుంచి విదేశీ పేడపురుగులు దిగాయి. అదీ ఒక్క రకంతో సరిపెట్టలేదు. పగలు తిరిగేవి, రాత్రి తిరిగేవి, వేడికి ఓర్చేవి, చలికి ఓర్చేవి అంటూ 40కి పైగా జాతులను తెచ్చి వదిలితే, వాటిలో దాదాపు సగమే నిలదొక్కుకున్నాయి. ఏది ఎక్కడ బతుకుతుందో ముందే తెలియదన్నది వారు చెప్పుకోగల సాకు.

భారతదేశంలో రాబందుల తొలగింపు మరింత సాఫీగా జరిగింది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా వాటికి చేరి, మూడు జాతులను 90 శాతానికి పైగా తగ్గించగా, ఖాళీ అయిన పోస్టుల్లో ఊరకుక్కలు ఏ అర్హత పరీక్షా లేకుండా చేరిపోయాయి. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించడం తొందరపాటు చర్యగానే భావించాలి.

ఇక తక్షణం చేయవలసినది ఒకటుంది. నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి ఎరువుల కర్మాగారం 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడినీ, వందకు పైగా వాతావరణ పీడనాలనూ భరిస్తుండగా, పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా అదే పనిని మామూలు మట్టి వేడిలో, మొక్క పెట్టే కాస్త చక్కెరకు చేసిపెడుతోంది. అంత తక్కువ జీతానికి పనిచేసేవారు పక్కన ఉంటే కర్మాగారం లెక్కలను సమర్థించుకోవడం కష్టం కనుక, తొలి తొలగింపు ఉత్తర్వు రైజోబియానికే పంపవలసిందిగా కోరుతున్నాను.