స్టెప్నీ ఉంటే సరిపోదు, మార్చడం రావాలి

కొత్త కారు కొనగానే అరసవల్లికో, పైడితల్లి అమ్మవారి గుడికో తీసుకెళ్లి పూజ చేయిస్తాం. చేయించాల్సిందే. వారం తిరక్కుండా సీట్ కవర్లు, పెద్ద స్క్రీను కూడా వచ్చేస్తాయి. కానీ డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసేవాళ్లు ఎందరున్నారు? నాకు దీని మీద చాలా కోపం ఉంది.

పైడిభీమవరం నుంచి ఇచ్ఛాపురం దాకా మన శ్రీకాకుళం జిల్లా పొడుగునా 16వ నంబరు హైవేయే. రాత్రంతా లారీలే. బండి ఆగిపోతే అసలు ప్రమాదం వెనక నుంచి వచ్చే బండితో. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకి 22 మీటర్లు దాటేస్తుంది. వెనక బండ్లకి హెచ్చరికగా పెట్టే ఎర్ర ట్రయాంగిల్‌ని బంపర్ పక్కనే పెడితే ఆ డ్రైవర్‌కి ఏం లాభం? కనీసం 50 మీటర్లు, వీలైతే వంద మీటర్లు వెనక్కి నడిచి పెట్టాలి. పిల్లల్ని, పెద్దవాళ్లని ఏసీ వేసి కారులోనే కూర్చోబెట్టకండి. ఎడమ తలుపు నుంచి దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. తర్వాతే 1033కి ఫోన్. హైవే సాయం కోసం ఉన్న నంబరు అది.

ట్రయాంగిల్ లేక కొందరు రాళ్లు, చెట్టుకొమ్మలు అడ్డం పెడతారు. ఆ అవసరం అర్థమవుతుంది. కానీ బండి బాగైపోగానే ఆ రాళ్లు రోడ్డు మీదే వదిలేసి పోవడం ఘోరం. చీకట్లో బైక్ మీద వచ్చేవాడి ప్రాణం ఏమైపోవాలి?

ఇక టైరు సంగతి. షాపులో గాలి మెషిన్‌తో బిగించిన నట్లు కారుతో వచ్చిన ఆ పొట్టి స్పానర్‌కి ఒక పట్టాన లొంగవు. చేతి బలం చాలదు. స్పానర్ కాడ మీద కాలు పెట్టి ఒంటి బరువంతా వెయ్యాలి. అదీ జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే. ఎత్తాక లాగితే బండి జాకీ మీంచి జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదురు మూల చక్రానికి రాయి పెట్టండి. వానాకాలం సాలూరు ఘాట్‌లో రోడ్డు అంచు మెత్తగా ఉంటే జాకీ మట్టిలోకి దిగిపోతుంది. అందుకే అడుగున్నర చెక్కముక్క ఒకటి డిక్కీలో ఉండాలి. ఒక టార్చి, బ్యాటరీ దిగిపోతే ఇంకో బండి బ్యాటరీతో కలిపే జంపర్ కేబుల్, రెండు లీటర్ల నీళ్లు కూడా. ఇంజన్ వేడెక్కితే మాత్రం చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి.

ఇప్పుడు కొన్ని కార్లకి అసలు స్టెప్నీయే ఇవ్వట్లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, గాలి తగ్గితే చెప్పే సెన్సర్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో రూల్ మార్చారు. చిన్న మేకు దిగితే కిట్ చాలు. గోతిలో పడి టైరు పక్క చీలిపోతే ఆ కిట్ దేనికీ పనికిరాదు. కొనేముందే అడగండి.

అక్టోబరు వస్తే మనకి తుఫాను భయం ఎలాగూ ఉంటుంది. 2018లో తిత్లీకి ఉద్దానంలో చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ నెలల్లో ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకండి.

షోరూమ్ వాళ్లకి నా డిమాండ్ ఒక్కటే. తాళాలు ఇచ్చి ఫొటో తీసేముందు, కొన్నవాళ్ల చేత ఒకసారి చక్రం విప్పించి బిగించండి. ఇంట్లో ఆడవాళ్లు కారు నడుపుతుంటే వాళ్ల చేత కూడా. శ్రీకాకుళంలో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే మెసేజ్ పెట్టండి, ఆదివారం పొద్దున్న నేనే వచ్చి చూపిస్తాను.