బాధితులని ఒప్పుకున్నాక ఇంకా ఆ కేసెందుకు?

మనుషుల్ని అమ్ముకునేవాళ్లు చాలా తెలివిగా ఉంటారు. దొంగతనం చేయించినా, డ్రగ్స్ మోయించినా, ఒళ్లు అమ్మించినా పోలీసులకు దొరికేది వాళ్లు కాదు, వాళ్ల చేతిలో చిక్కిన మనిషి. ఒకసారి కేసు పడిందా, ఇక దాన్నే చూపించి బెదిరిస్తారు: "స్టేషన్‌కి వెళ్లు, ముందు నిన్నే లోపలేస్తారు." ఆ మాట నిజం కావడమే నాకు కడుపు మండే విషయం.

2009లో బ్రిటన్‌లో ఇద్దరు వియత్నాం కుర్రాళ్లు గంజాయి పెంచే ఇళ్లలో దొరికారు. ఇద్దరూ మైనర్లే. నేరం ఒప్పుకున్నారు, శిక్ష పడింది. వాళ్లు మనుషుల అక్రమ రవాణా బాధితులని అక్కడి ప్రభుత్వ విభాగమే తేల్చింది, అయినా వాళ్లను దోషులుగా తేల్చడం తప్పేనని అక్కడి కోర్టులు ఒప్పుకోలేదు. చివరికి 2021లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు వాళ్ల హక్కులకు భంగం కలిగిందని చెప్పింది. అప్పటికి వాళ్ల వయసు ఎక్కడికి వచ్చిందో లెక్కేసుకోండి.

ఈ మధ్యలో మనిషి ఎలా బతకాలి? ఉద్యోగానికి వెళ్తే పాత కేసులున్నాయేమో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్. ఇల్లు అద్దెకు అడిగినా అంతే. బిడ్డ కస్టడీ కోసం కోర్టుకెక్కితే అవతలి లాయరు మొదట బయటికి తీసేది ఆ పాత కేసునే.

అమెరికాలో ఇలాంటివాళ్ల శిక్షల్ని రద్దు చేసే చట్టం మొదట తెచ్చిన రాష్ట్రం న్యూయార్క్, 2010లో. మంచిదే. కానీ అది వ్యభిచారానికి సంబంధించిన కేసులకే. బలవంతంగా దొంగతనం చేయించిన కేసు సంగతేంటి? దాన్ని మిగతా నేరాలకూ వర్తింపజేయడానికి 2021 దాకా పట్టింది. బ్రిటన్ 2015లో చట్టం చేసి బాధితులకు కోర్టులో చెప్పుకునే అవకాశం ఇచ్చింది, కానీ వందకు పైగా నేరాల్ని ఆ రక్షణ బయటే ఉంచింది. ఏ నేరం చేయించాలో ఎంచుకునేది మనుషుల్ని అమ్ముకునేవాడే అయినప్పుడు, నేరం పేరు చూసి ఉపశమనం ఇవ్వడంలో న్యాయమెక్కడుంది?

బలవంతంగా చేయించారని అందరూ ఇలాగే చెప్పి తప్పించుకుంటారు కదా అంటారు కొందరు. తప్పించుకోవడం అంత తేలికా? జడ్జి ముందు నిలబడి, తనకు జరిగిందంతా మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి. బంధించినవాడు రసీదులిచ్చి ఉండడు కాబట్టి కాగితాలు తేవడం ఇంకో నరకం. ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ ఉంటే కోర్టు దాన్ని నమ్మాలి, ఆ కాగితం లేదని మాత్రం తిప్పి పంపకూడదు. న్యూయార్క్ చట్టం ఆ దారిలోనే ఉంది.

క్షమాభిక్ష పెడితే చాలదా అని కూడా అడుగుతారు. చాలదు. క్షమిస్తే తప్పు చేసినట్టే మిగులుతుంది. ఆ శిక్షే చెల్లదని కోర్టు రాయాలి, కట్టించుకున్న జరిమానా వెనక్కివ్వాలి. అది కూడా బాధితులు లాయర్‌ని పెట్టుకుని తిరిగితే కాదు, సర్కారు ఖర్చుతో జరగాలి. రద్దయిన కేసును ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు తమ డేటాబేస్‌ల నుంచి తీసేశాయో లేదో చూసే బాధ్యత కూడా సర్కారుదే.