ఇంటి అద్దె 18,500 నుంచి ఒక్కసారే 22,000 ఎలా అడుగుతారు?

గంట క్రితం కింద పోర్షన్ నుంచి పైకి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అగ్రిమెంట్ రెన్యూవల్ మాట్లాడదాం రమ్మని ఓనర్ ఆంటీ పిలిస్తే, ఎప్పటిలాగే అయిదు శాతమే కదా అనుకుని వెళ్ళాను. టీ ఇచ్చారు. పాప ఎలా చదువుతోందని అడిగారు. నేను గ్లాసు కింద పెట్టాక, "ఈసారి 22 వేలు చేద్దామమ్మా. మెట్రో పక్కనే కదా, ఇక్కడ అందరూ అంతే తీసుకుంటున్నారు" అన్నారు.

ఇస్తున్నది 18,500. పెంచుతానంటున్నది 3,500. వందకి పందొమ్మిది! ఈ ఏడాది నా జీతం పెరిగింది వందకి ఆరు.

హైదరాబాద్ తార్నాకలో ఈ ఇంట్లోకి 2022 జూన్‌లో దిగాం. డబుల్ బెడ్‌రూం, అద్దె 16 వేలు. పదకొండు నెలలకోసారి అయిదు శాతం అని మాట. 16,800 అయింది, 17,600 అయింది, 18,500 అయింది. ఒక్కసారి కూడా బేరమాడలేదు. ఏ నెలా మూడో తారీఖు దాటలేదు. అంకుల్‌కి కంటి ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు చుక్కల మందు వేసింది మా అత్తయ్యే. దానికి తగ్గించమని అడగట్లేదు. అన్న మాట మీద ఉండమంటున్నాను.

మెట్రో పక్కనే కదా అంటే, ఆ మెట్రో నిన్న గాక మొన్న రాలేదు. నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌కి 2017 నవంబరులోనే రైళ్ళు మొదలయ్యాయి. 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, ఆ ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా వెళ్ళాయి. మేం దిగేనాటికి అంతా ఉంది. మేం ఒప్పుకున్న 16 వేలలోనే మెట్రో లెక్క ఉంది. ఎనిమిది నిమిషాలు నడిచి ఎక్కితే, రైలు మారే పని లేకుండా రాయదుర్గంలో దిగి ఆఫీసుకి పోవచ్చనే కదా ఈ ఇల్లు తీసుకున్నాం. ఒక్క స్టేషన్‌కి ఎన్నిసార్లు డబ్బు కట్టాలి? ఆ పిల్లర్లు ఏ ఓనరూ వేయించలేదు. కేంద్రమే 1,458 కోట్లు మంజూరు చేసిన ప్రాజెక్టు అది. అందులో అద్దెకున్న వాళ్ళ పన్నులు లేవా? రోడ్లు తవ్విన రోజుల్లో దుమ్ము మింగింది ఊరంతా, ఇప్పుడు దాని ఫలం మాత్రం ఇంటి కాగితాలు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే. టికెట్ కూడా ఆగలేదు. 2025 మేలో కనీస చార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠ చార్జీ 60 నుంచి 75కి పెంచి, జనం గోల పెట్టాక పది శాతం తగ్గించారు. రైలు ఎక్కినా మేమే ఇవ్వాలి, రైలు దగ్గర ఉన్నందుకూ మేమే ఇవ్వాలి.

ఈ 22 వేలు ఎక్కడి నుంచి వచ్చింది ఆంటీ అంటే, "మా అబ్బాయి ఆన్‌లైన్‌లో చూశాడమ్మా" అన్నారు. ఆ అబ్బాయి ఉండేది డాలస్‌లో. ఆన్‌లైన్‌లో కనిపించేది అడిగే రేటు, అదీ లిఫ్టూ జనరేటరూ ఉన్న కొత్త అపార్ట్‌మెంట్లది. మాకు లిఫ్టు లేదు. అత్తయ్య ఆ మోకాళ్ళతో రెండంతస్తులు ఎక్కుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే బోరు ఎండిపోయి ట్యాంకర్ డబ్బులు అద్దెకున్న వాళ్ళమే పంచుకుంటాం. ఇవేవీ ఆన్‌లైన్‌లో కనపడవు.

అన్నిటికంటే నన్ను కాల్చింది చివరి మాట. నేను మెట్లెక్కుతుంటే వెనక నుంచి, "పాప స్కూలు ఇక్కడే కదమ్మా, ఎక్కడికి వెళ్తారులే" అన్నారు. ప్రేమగానే అన్నారు. పాప పేరు ఎత్తి మరీ అన్నారు.

పోనీ చట్టానికి వెళ్దామా? మన అద్దె నియంత్రణ చట్టం 1960 నాటిది. నగరంలో నెల అద్దె 3,500 దాటిన ఇల్లు అయితే అది పట్టించుకోదు. ఈ హైదరాబాదులో 3,500కి ఏ ఇల్లు దొరుకుతుంది? మాకు పెంచిన మొత్తమే 3,500! కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం ఆమోదించింది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదు, పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి అని అందులో ఉంది. రాష్ట్రం తెచ్చుకుంటే తప్ప అది మన గుమ్మం దాకా రాదు. మాకు చెప్పింది పన్నెండు రోజుల ముందు, అదీ టీ తాగుతుండగా. అసలు ఈ పదకొండు నెలలే ఎందుకు? ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ ఖర్చు అని ఓనర్లు అంటారు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి లక్షల సంసారాలు పదకొండు నెలల కాగితం మీద బతుకుతున్నాయి. నోటితో ఏడాదికి అయిదు శాతం అంటారు, పన్నెండో నెల నిండకుండానే పెంచేస్తారు.

పైకి రాగానే కోపంలో ఆన్‌లైన్‌లో దొరికిన మూడు నంబర్లకి ఫోన్ చేశాను. మొదటిది బ్రోకర్, ఇల్లు చూపించక ముందే ఒక నెల అద్దె తనకి అన్నాడు. రెండోది ఉప్పల్ మెట్రోకి అయిదు నిమిషాలు అని రాసి ఉంది, గట్టిగా అడిగితే బోడుప్పల్ లోపల అని తేలింది. మూడోది హబ్సిగూడ, 17,500. ప్రాణం లేచొచ్చింది. వివరాలన్నీ చెప్పాక అవతలాయన "మీరేమిట్లండీ?" అన్నారు, అంటే ఏ కులమని. పెట్టేశాను.

నాలుగేళ్ళ క్రితం ఇదే హబ్సిగూడలో ఇదే జరిగింది. ఇల్లు నచ్చింది, 2,000 టోకెన్ ఇచ్చాం. మర్నాడు ఆధార్ కాపీలు పట్టుకుని వెళ్తే ఇంటిపేరు చూసి, ఊరు అడిగి, ఊళ్ళో ఏ వీధి అని కూడా అడిగారు. సాయంత్రానికి "మా ఆవిడ ఒప్పుకోవట్లేదండీ" అని గేటు దగ్గరే డబ్బు వాపసు ఇచ్చేశారు. మా ఆయన ఒక్క మాట అనకుండా నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. పాపకి అప్పుడు నాలుగేళ్ళు. ఆ గేటు లోపలి జామచెట్టు చూపించి ఇదేనా మన ఇల్లు అని అడిగింది. ఆ రోజు నేను ఆ ఇంటి ఓనర్‌తో ఒక్క మాటైనా అనకుండా ఎందుకు వచ్చేశానా అని ఇప్పటికీ నిద్ర పట్టదు. అద్దె ఎక్కువైతే సర్దుకోగలం. కులం అడిగేవాళ్ళకి మేం ఏం చేసి సర్దాలి?

ఘట్‌కేసర్ వైపు వెళ్ళిపో, అక్కడ అద్దెలు తక్కువ, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది అని మా అన్నయ్య అంటాడు. ఎంఎంటీఎస్ ఈ నగరంలో 2003 నుంచి ఉంది. చార్జీ మెట్రోతో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఆ వైపు రైళ్ళు ఎన్ని? పాపని బడికి దింపి ఆఫీసుకి పోయే మనిషికి ఒక రైలు తప్పితే వెంటనే ఇంకోటి ఉండాలి. పట్టాలు ఉన్నాయి, స్టేషన్లు ఉన్నాయి, రైళ్ళు పెంచితే సగం మందిమి ఈ మెట్రో పక్క ఇళ్ళని వదిలేసి హాయిగా అటు వెళ్ళిపోతాం.

నాకు పన్నెండు రోజులే టైముంది. మెట్టుగూడ నుంచి ఉప్పల్ దాకా, స్టేషన్‌కి పదిహేను నిమిషాల నడకలో, పెంపు అయిదు శాతమే అని కాగితం మీద రాసిచ్చే ఓనర్ ఎవరైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. లిఫ్టు లేకపోతే మొదటి అంతస్తు అయితే చాలు, అత్తయ్య కోసం. కులం అడిగేవాళ్ళ నంబర్లు మాత్రం పంపకండి.