ఇళ్లకు ప్లాన్ ఉంది, ఉపాధికి ఏదీ?

పదేళ్లు తిరక్కుండానే హైదరాబాద్ తూర్పు శివారులోని బోడుప్పల్, పీర్జాదిగూడ నాలుగు రూపాలు చూశాయి. 2016 దాకా గ్రామ పంచాయతీలు. ఆ ఏడాది మున్సిపాలిటీలయ్యాయి, 2019లో కార్పొరేషన్లయ్యాయి. 2025 డిసెంబరులో మొత్తం 27 పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు ఇవీ అందులో కలిసిపోయాయి. బోర్డు మారిన ప్రతిసారీ ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది, వార్డు ఎక్కడ తెగుతుంది, సీటు ఏ రిజర్వేషన్‌కు పోతుంది అన్న చర్చే నడిచింది. ఇక్కడి జనం ఏం పని చేసుకుని బతుకుతున్నారు, ఆ పని దగ్గర్లోనే దొరకాలంటే ఏం చేయాలి అన్న మాట మాత్రం పెద్దగా వినపడలేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డు చూస్తే సంగతి అర్థమవుతుంది. మెట్రో లైను నాగోల్ దగ్గరే ఆగింది కాబట్టి మేడిపల్లి, నారపల్లి వైపు వాళ్లు ముందు బస్సులోనో బైకు మీదో ఉప్పల్ చేరాలి. అక్కడి నుంచి అమీర్‌పేట, హైటెక్ సిటీ, రాయదుర్గం. ఊరు ఊరంతా పడమటి దిక్కుకు పోయి రాత్రికి తిరిగి వస్తుంది. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి నగరం అటే వాలింది. దాన్ని సరిచేస్తామని 2020లో ‘గ్రిడ్’ పాలసీ తెచ్చారు. ఐటీని ఉప్పల్ లాంటి ఏరియాలకు కూడా విస్తరించాలన్నది దాని ఉద్దేశం. మంచిదే. కానీ ఉపాధి అనగానే ఐటీ ఒక్కటే గుర్తుకు రావడం మన ప్రభుత్వాలకు పాత అలవాటు, ఏ పార్టీ ఉన్నా అంతే.

అసలు ఇది ఎవరి పని? 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన అంశాలు 18 ఉన్నాయి. మూడోది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. నీటి సరఫరా, చెత్త, శ్మశానాలు, వీధి దీపాలు అన్నీ దాని తర్వాతే. ఆచరణలో మనకు ప్లాన్ అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మాస్టర్ ప్లాన్. 2031 లక్ష్యంగా 2013లో నోటిఫై చేసిన ఆ ప్లాన్ ఏ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉంది, ఏది కమర్షియల్ అన్నది చెబుతుంది. కమర్షియల్ అని రంగు వేసిన చోట ఎవరు ఏ వ్యాపారం పెడతారు, ఎందరికి పని దొరుకుతుంది అన్నది దాని పరిధిలోకి రాదు. దక్షిణాఫ్రికాలో 2000 నాటి చట్టం ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన సమగ్ర ప్రణాళికలో స్థానిక ఆర్థికాభివృద్ధి లక్ష్యాలు రాసి తీరాలి. రాసినంత మాత్రాన ఉద్యోగాలు ఊడిపడవు. ఫలానా లక్ష్యం ఏమైందని కౌన్సిలర్‌ను అడగడానికైనా ఒక కాగితం ఉంటుంది కదా.

మన దగ్గర ఎందుకు రాయరంటే, లెక్క డబ్బు దగ్గర తేలుతుంది. స్థానిక సంస్థకు సొంత ఆదాయం ప్రధానంగా ఆస్తి పన్ను, భవన అనుమతుల ఫీజులు, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ లాంటి చార్జీలు. ఉద్యోగి జీతం నుంచి నెలకు 200 రూపాయల దాకా కట్ అయ్యే వృత్తి పన్నును వసూలు చేసేది రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ. జీఎస్టీ కూడా స్థానిక సంస్థ వసూలు చేసేది కాదు. పక్కనే పారిశ్రామికవాడ ఉన్నా పన్ను వసూలు ‘ఐలా’ (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) పేరుతో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ చేతిలో ఉంటుంది, స్థానిక సంస్థకు అందులో వాటా మాత్రమే. ఇప్పుడు కమిషనర్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఫైలు వస్తే వెంటనే ఫీజులు, తర్వాత ఏటా పన్ను. పది లేత్ మిషన్ల షెడ్డు వస్తే చిన్న ట్రేడ్ లైసెన్సు ఫీజు, దానికి తోడు చప్పుడు భరించలేకపోతున్నామని కాలనీ సంఘం ఫిర్యాదులు. ఆ కుర్చీలో ఎవరున్నా మొదటి ఫైలు మీదే ముందు సంతకం పెడతారు.

ఉన్న ఉపాధి కూడా ఇదే లెక్కలో కరిగిపోయే ప్రమాదం ఉంది. 2025 నవంబరులో వచ్చిన ‘హిల్ట్’ పాలసీ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లోపల, ఆ దగ్గర్లో ఉన్న 22 పారిశ్రామికవాడల్లో 9 వేలకు పైగా ఎకరాలను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునే వీలిచ్చింది. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం లేదా 50 శాతం కడితే చాలు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు ఇళ్ల మధ్య నుంచి పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. భూమి ధర మీద ప్రతిపక్షాలు చేస్తున్న గొడవ అటుంచితే, నా టెన్షన్ వేరే. నాచారంలోనో చర్లపల్లిలోనో ఒక పెద్ద యూనిట్ మూతపడితే దాని మీద ఆధారపడి జాబ్ వర్క్ చేసే చిన్న వర్క్‌షాపులు, టర్నర్లు, ఫిట్టర్లు, ప్యాకింగ్ పనికి వెళ్లే ఆడవాళ్లు ఎటు పోవాలి? ఓఆర్ఆర్ అవతలికి రోజూ పోయి రావడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

ఉపాధి మార్కెట్ నగరమంతటిది, వార్డు లెవెల్లో ప్లాన్ ఏమిటని కొందరు కొట్టిపారేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి విషయంలో అది నిజమే, జీతం బాగుంటే ముప్పై కిలోమీటర్లయినా పోతాడు. పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇంటికి చేరాల్సిన తల్లికి, బ్లౌజులు కుట్టే ఆమెకు, బట్టల షాపులో సేల్స్ గర్ల్‌కు మూడు నాలుగు కిలోమీటర్లే ప్రపంచం. ఆ దూరంలో పని లేకపోతే పని లేనట్టే.

ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌నే చూడండి. ఆరు కిలోమీటర్ల చిల్లర పని, 2018లో మొదలైంది. పిల్లర్లు లేచాయి, పని ఏళ్ల తరబడి నత్తనడకన సాగింది. ఈలోగా వరంగల్ హైవేకు ఇరుపక్కలా దుకాణాల వాళ్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. దుమ్ము అణచడానికి షాపు ముందు బకెట్‌తో నీళ్లు చల్లుకోవడం, స్వీట్ల షాపు వాళ్లు అద్దాలకు ప్లాస్టిక్ పట్టా కట్టుకోవడం, గుంతలో బండి పెట్టలేక గిరాకీ ముందుకు సాగిపోవడం. షట్టర్ కిరాయి మాత్రం ఒకటో తారీఖుకు కట్టాల్సిందే. ఫ్లైఓవర్ ఖర్చులో భూసేకరణకు లెక్క ఉంటుంది, సిమెంటుకు, స్టీలుకు లెక్క ఉంటుంది. ఏళ్ల తరబడి పోయిన గిరాకీకి ఏ పద్దూ ఉండదు. స్థానిక ఆర్థిక ప్రణాళిక అనేది నిజంగా ఉంటే, ఎన్ని నెలలు ఏ వైపు తవ్వుతారు, షాపులకు దారి ఎలా వదులుతారు అన్న ఒప్పందం లేకుండా పని మొదలయ్యేదే కాదు.

దీనికి కొత్త స్కీము, కన్సల్టెంట్ల రిపోర్టు అక్కర్లేదు. ముందు లెక్క కావాలి. ఆరో ఆర్థిక గణన 2013 నాటిది. ఏడోది చేశారు కానీ ఫలితాలు బయటపెట్టలేదు. అలాగని సమాచారం లేక కాదు. కరెంటు వాళ్ల దగ్గర కమర్షియల్, ఇండస్ట్రియల్ మీటర్ల చిట్టా వీధుల వారీగా ఉంది. ఏ వీధిలో మీటర్లు పెరిగాయి, ఎక్కడ డిస్‌కనెక్ట్ అయ్యాయో చూస్తే ఏ బజారు పుంజుకుంటోందో, ఏది చస్తోందో ఆఫీసులో కూర్చునే చెప్పొచ్చు. 2014 వీధి వ్యాపారుల చట్టం జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించమంటోంది. వారానికో కాలనీలో సాయంత్రం అంగడి పెట్టుకునే కూరగాయల వాళ్లను ట్రాఫిక్ పోలీసు తరిమితే ఆ చట్టం గురించి అడిగేవాళ్లు లేరు. హిల్ట్ కింద భూమి మార్చుకునే ప్రతి చోటా కొంత స్థలంలో చిన్న వర్క్‌షాపులకు కిరాయి షెడ్లు కట్టాలని షరతు పెట్టొచ్చు. బిల్డర్లు ఒప్పుకోరంటారు. పార్కుకు స్థలం వదలమన్నప్పుడూ ఇదే మాట అన్నారు.

జీహెచ్‌ఎంసీని ఎలా విడదీసినా, పేర్లు మార్చినా ఒక చిన్న పని మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు. ట్రేడ్ లైసెన్సు ఏటా రెన్యువల్ చేసుకుంటారు. ఆ ఫారంలో రెండు గడులు అదనంగా పెడితే చాలు: ఎంతమంది పనివాళ్లు, వాళ్లు ఏ ఏరియా నుంచి వస్తున్నారు. డిసెంబరులో ఫారాలు వస్తే వేసవి నాటికి బోడుప్పల్ నుంచి చర్లపల్లి దాకా ఎవరికి ఎక్కడ పని ఉందో మొదటి జాబితా చేతికొస్తుంది. హిల్ట్ దరఖాస్తుల మీద సంతకాలు పెట్టేవాళ్ల టేబుల్ మీద ఆ జాబితా కూడా ఉండాలి.