ఓటు అడగని మేయర్

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌కు మేయర్‌గా దాదాపు పదహారేళ్లు చేసి 2024 అక్టోబర్ 1న దిగిపోయిన అహ్మద్ అబూతాలెబ్ గురించి రాసేవాళ్లంతా ఒకచోటే ఆగుతారు: మొరాకో పల్లె, ఇమామ్ కొడుకు, పదిహేనో ఏట వలస. నిజమే, కానీ అసలు విశేషం వేరు. 2008 చివర్లో ఆయన హేగ్‌లో సామాజిక వ్యవహారాల సహాయ మంత్రి కుర్చీ వదిలేసి మేయర్ పదవికి వెళ్లాడు. మనకిది మెట్టు దిగినట్టు కనిపిస్తుంది. డచ్చివాళ్ల లెక్క వేరు.

అక్కడ మేయర్‌ను జనం ఎన్నుకోరు. దరఖాస్తులు ప్రావిన్స్‌లోని రాజ ప్రతినిధికి చేరతాయి. కౌన్సిల్ సభ్యుల కమిటీ గుట్టుగా ఇంటర్వ్యూలు చేస్తుంది. లోపలి మాట బయటికి పొక్కిస్తే నేరం. కౌన్సిల్ రెండు పేర్లు వరస పెట్టి పంపుతుంది, మామూలుగా మొదటి పేరే ఖాయం. హోంమంత్రి సిఫారసు, రాజాజ్ఞ, ఆరేళ్ల గడువు. ఇళ్లు, బడులు, సంక్షేమం లాంటివి కౌన్సిల్ ఎన్నుకునే వెథౌడర్లు చూస్తారు. 2004 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో అబూతాలెబ్ చేసిందీ ఆ ఉద్యోగమే. మేయర్ కౌన్సిల్‌కు అధ్యక్షుడు, ఓటు మాత్రం లేదు. ఆయన చేతిలో ఉండేది శాంతిభద్రతలు: మత్తుమందు దొరికిన ఇంటికి తాళం వేయించడం, అత్యవసర ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు బరువు 2017 మార్చి 11 రాత్రి తెలిసింది. తమ దేశ రెఫరెండం ప్రచారానికి వస్తున్న తుర్కియే విదేశాంగ మంత్రి విమానానికి అనుమతి రద్దయితే, మరో మంత్రి ఫాత్మా బెతుల్ సయాన్ కాయా జర్మనీ నుంచి కారులో వచ్చేసింది. కాన్సులేట్ ముందు జనం గుమిగూడారు. అబూతాలెబ్ అత్యవసర ఉత్తర్వు ఇచ్చాడు, ఆమెను జర్మనీ సరిహద్దు దాకా సాగనంపారు, గుంపుపైకి నీటి ఫిరంగులు, గుర్రపు పోలీసులు వచ్చారు. తుర్కియే మూలాలున్న ఓటర్లు అంతమంది ఉన్న నగరంలో, మరుసటి ఎన్నిక కోసం చూసుకునే మేయర్ ఆ రాత్రి ముందు చేసేది లెక్కలే.

ఓటు లేని అధికారమేంటని డీ66 పార్టీ దశాబ్దాలుగా అడుగుతోంది. అడగదగ్గదే. మేయర్‌ను జనమే ఎన్నుకునేందుకు దారి తీసే రాజ్యాంగ సవరణ 2005లో ఎగువ సభలో వీగిపోయి, ఆ పార్టీ మంత్రి టామ్ డి గ్రాఫ్ రాజీనామా చేశాడు. 2018లో నియామకం మాటను రాజ్యాంగం నుంచి తీసేశారు, అయినా మామూలు చట్టంలో పద్ధతి అదే.

పైగా జనం మాటకు చోటే లేదనడం తప్పు. అబూతాలెబ్‌కు డచ్, మొరాకో పాస్‌పోర్టులు రెండూ ఉండటంపై 2008లో రగడ చేసిన స్థానిక పార్టీ లీఫ్‌బార్ రాటర్‌డామ్, 2014, 2018 ఎన్నికల్లో కౌన్సిల్‌లో పెద్ద పార్టీగా నిలిచింది. ఆ కౌన్సిల్ సిఫారసుతోనే లేబర్ పార్టీ మనిషైన అబూతాలెబ్ 2015లో, 2021లో మళ్లీ నియమితుడయ్యాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది మాజీ ఉప ప్రధాని కరోలా స్కౌటెన్. ఆమె క్రిస్టెన్‌యూనీ పార్టీకి ఆ నగరంలో ఉన్న బలంతో నేరుగా పోటీ చేసి ఉంటే, గడప కూడా దాటేది కాదు.